ఉరికినందుకు జీతం

యుద్ధం మొదలైనప్పటి నుంచి వనపర్తి బజారులో సిరా మరీ పలచగా దొరుకుతున్నది. నాలుగు వాక్యాలు రాసేసరికి మొదటిది వెలిసిపోతుంది. అయినా ఏడేళ్లుగా నేనిది రాయకపోవడానికి కారణం సిరా కాదు. ఏడేళ్లుగా ఒక చావు నా మెడ మీద ఉన్నది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఇక్కడి ఆటల సంఘానికి గౌరవ కార్యదర్శిని. గౌరవం అంటే జీతం లేదని. కేసులు లేని వకీలును గనుక తీరికకు కొదవ లేదు. మా నియమాల్లో నాకు బాగా నచ్చింది ఒకటే: ఆటకు కూలి తీసుకున్నవాడు పోటీకి పనికిరాడు.

ఆ ఏడు పరుగుపందెంలో గెలిచినవాణ్ని హైదరాబాదు పంపాలి. అక్కడ పేరొస్తే పోలీసు కొలువు ఖాయమన్నారు. నా బామ్మర్ది పేరిచ్చాడు. ఖాసీం కూడా ఇచ్చాడు. ఖాసీం రైల్వే స్టేషను నుంచి ఊళ్లోకి టపా సంచి మోసే హర్కారా. వట్టి కాళ్లతో రోజూ అంతదూరం ఉరికేవాడు. వాడుంటే మావాడు గెలవడని మావాడికీ తెలుసు.

టపా మోయడం కూడా కూలికి పరుగెత్తడమేనా అని నేనే హైదరాబాదులోని పెద్ద సంఘానికి రాసి అడిగాను. పందెం ముందురోజు జవాబొచ్చింది. సంచి మోసినందుకే జీతం, పందేనికి కాదు, చేర్చుకోండి అని. ఆ ఇంగ్లీషు ఉత్తరాన్ని సంచిలోంచి తీసి నా చేతికిచ్చింది ఖాసీమే.

మరునాడు మైదానంలో, అందరూ వింటుండగా అడిగాను.

"ఖాసీం, ఉరికినందుకు జీతం తీసుకుంటున్నవా లేదా?"

"తీసుకుంట వకీల్ సాబ్. ఉత్తగ ఎవడురుకుతడు, కుక్క తరిమితె తప్ప?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పేరు కొట్టేశాను.

"జర చూడు సాబ్. కొలువొస్తె వానలల్ల వాగు దాటే పని తప్పుతది."

"నియమం నియమమే," అన్నాను. జవాబు నా కోటు జేబులోనే ఉన్నది.

మావాడు హైదరాబాదులో ఆరోవాడిగా వచ్చాడు. ఉరికింది ఆరుగురే. ఆ వానకాలమే వాగు పొంగింది. టపా సంచి సాయంత్రానికి దొరికింది. ఖాసీం మూడు రోజులకు దొరికాడు.

బామ్మర్ది కోసమే చేశానా? లేక మా సంఘం పేరు మీద ఒక హర్కారా రైలెక్కి పోతుంటే, చదువుకున్న నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపాల్సి వస్తుందన్న కంటగింపు, బామ్మర్దిని అడ్డం పెట్టుకున్నదా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా రెండోదే నిజమనిపిస్తుంది.

మొన్న ఖాసీం తల్లి దగ్గరికి పోయాను. గడప ముందు కూర్చొని జొన్నలు చెరుగుతున్నది. ఆ ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. దాచిందీ చెప్పాను. చెబుతుంటే గుండె తేలికపడింది. సిగ్గులేని గుండె, పడింది.

ఆమె చాట ఆపలేదు.

"చెప్పుకోనీకె వస్తివా సాబ్, ఏమన్న చేయనీకె వస్తివా?"