పద్నాలుగో ఎక్కం

"పద్నాలుగు ఆర్లు?" అని మా బిడ్డ ఫోన్‌లో అడిగింది.

"ఎనభై నాలుగు," అన్నాడు వాళ్ల బాపు.

"పద్నాలుగు ఏడులు?"

"తొంభై ఎనిమిది. మీ అమ్మను గేటు తియ్యమను. వచ్చిన."

అప్పుడే తెలిసింది నాకు, ఆయన నిద్రలో తోలుతున్నాడని. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. దండెం మీంచి తీసిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతున్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఇల్లు బోధన్‌లో, వర్ని పోయే రోడ్డు వైపు. ఆయన లారీ ఆ టైముకు మధ్యప్రదేశ్‌లో, సియోని దాటాక వచ్చే అడవి రోడ్డు మీద ఉంది. నాగపూర్ కూడా ఇంకా రాలేదు. నేను ఏ గేటు తియ్యాలి?

ఎక్కం మాత్రం తప్పలేదు. రెండు లెక్కలూ సరిగ్గా చెప్పాడు.

ఆ ఎక్కాల సంగతి చెప్పాలి. మా ఆయన ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో డ్రైవర్. నిజామాబాద్‌లో పసుపు ఎత్తుకుని ఢిల్లీ పోతాడు, అక్కడ దొరికిన సరుకుతో తిరిగొస్తాడు. నిద్ర రాకుండా మాట్లాడుతూ ఉండమని పెళ్లయిన కొత్తలో ఆయనే అడిగాడు. డ్రైవర్ల ఇళ్లలో ఇది అందరూ చేసే పనే. మా సందులో ఒకామె సీరియల్ కథ మొత్తం చెబుతుంది. ఇంకొకామె గంటసేపు కొట్లాడుతుంది, కోపమొస్తే మగాడికి నిద్ర రాదని ఆమె నమ్మకం. నేను బీకాం చదివాను, కానీ నాకు మాటలు తొందరగా అయిపోతాయి. అందుకని లెక్కలు అడగడం మొదలుపెట్టాను. బిడ్డ మూడో తరగతికి వచ్చాక ఆ పని దానికి అప్పగించాను. దానికి ఎక్కాలు వస్తాయి, ఆయన మెలకువగా ఉంటాడు. లెక్క తప్పితే నిద్ర వచ్చినట్టు, అప్పుడు బండి ఆపాలి. అది మేం పెట్టుకున్న నియమం. చర్చిలో నా పక్కన కూర్చునే ఆమెకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నాలుగేళ్లుగా అవే ఎక్కాలు అడుగుతున్నామని, అవి ఆయనకు నిద్రలో కూడా వచ్చేస్తాయని నాకు తట్టలేదు.

ఆ రోజు అంతకు ముందు ఇంకో పని చేశాను. రెండో డ్రైవర్ ఝాన్సీలో జ్వరమొచ్చి దిగిపోయాడు. అక్కడి నుంచి ఈయన ఒక్కడే తోలుతున్నాడు. పన్నెండున్నరకు కంపెనీ ఆఫీసు నుంచి, ఏ బండి ఎక్కడుందో కంప్యూటర్లో చూసే అతను నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, అన్న ఫోన్ ఎత్తుతలేడు. నలభై నిమిషాల సంది బండి కదలట్లేదు. జర లేపు. రేపు పొద్దుగాల అన్‌లోడ్ ఉంది."

నేను లేపాను. పదకొండు సార్లు చేస్తే ఎత్తలేదు. పన్నెండోసారి ఎత్తి "ఆ" అన్నాడు. "ఆఫీసోళ్లు అడుగుతుండ్రు" అన్నాను. "ఆ, పోతున్న" అన్నాడు. ఇంజన్ చప్పుడు విన్నాక ఆఫీసుకు ఫోన్ చేసి, బయలుదేరాడని చెప్పాను.

"నువ్వుంటే మాకు ఫికర్ లేదక్కా," అన్నాడతను. నాకు సంతోషమే అనిపించింది. పిల్లలవి ఒంటిపూట బడులు. ఇంటికి రాగానే అన్నం పెట్టాను. తర్వాత బిడ్డకు ఫోన్ ఇచ్చి, బాపును లెక్కలు అడగమన్నాను.

గేటు తియ్యమన్న మాటకు బిడ్డ నవ్వింది. "బాపు మజాక్ చేస్తుండు," అంది. నేను ఫోన్ తీసుకున్నాను. అరవలేదు. నాకు భయం కూడా వేయలేదు. లోపల ఏమీ లేనట్టుగా ఉంది. మా ఇంటి పక్కన ఖాళీ జాగ ఉంది, దానికి ఇనుప గేటు. కంపెనీకి అప్పజెప్పే ముందు ఒక్కోసారి లారీని అక్కడ పెడతాడు. సందు మొదట్లోకి రాగానే ఫోన్ చేస్తాడు, నేను పోయి గేటు తీస్తాను. ఆయన ఇప్పుడు ఆ సందులో ఉన్నాడు. బండి ఒక్కటే అడవిలో ఉంది.

"తీసిన," అన్నాను. "మెల్లగ రా. సందుల పిల్లలు ఆడుతుండ్రు."

"ఆ."

"ఎడమకు తీస్కో. గోడ దిక్కు. ఇంకా మెల్లగ. ఇంకా."

ఇంజన్ గొంతు తగ్గింది. టైర్ల కింద కంకర చప్పుడైంది. బ్రేకుల గాలి బుస్సుమంది.

"అయిందా?"

"అయింది."

"హ్యాండ్ బ్రేక్ గుంజు. ఇంజన్ బంద్ చెయ్యి. తాళంచెవి చేతిలకు తీస్కో."

ఇంజన్ ఆగింది. వెంటనే ఏదో పెద్ద బండి హారన్ కొట్టుకుంటూ ఆయన పక్కనుంచి పోయింది. చాలాసేపటికి ఆయన "ఇదేడ?" అన్నాడు.

"అడవిల ఉన్నవ్."

"నేను ఇంటికొచ్చినట్టే ఉండె."

"తెల్సు."

"గేటు కూడ కనవడ్డది. నువ్వు పచ్చ చీర కట్టుకున్నవ్."

నేను నైటీలో ఉన్నాను. ఆ సంగతి చెప్పలేదు. దిగి మొహం కడుక్కోమన్నాను. కడుక్కుని వచ్చి, ముందర దాబా కనబడుతుంది, అక్కడ చాయ్ తాగి పోతా అన్నాడు.

"చాయ్ వద్దు. ఆడ పెట్టి పండుకో."

"పొద్దుగాల అన్‌లోడ్..."

"పండుకో. ఎవ్వరు లేపరు. నేను కూడ లేప."

ఆ కొద్ది దూరం పోయేటప్పుడు లెక్కలు అడగలేదు. ఏం కనబడుతుందో చెప్పుకుంటూ పొమ్మన్నాను. "నల్ల ట్యాంకు. మంచాలు. ఒక బర్రె. బర్రె నన్ను సూస్తలేదు," అన్నాడు. బండి పెట్టాడు. ఫోన్ పెట్టేశాడు. నేను మిగిలిన బట్టలు మడతపెట్టాను. అవి అన్నీ సరిగ్గానే మడతపెట్టినట్టు తర్వాత చూస్తే తెలిసింది.

ఐదింటికి ఆఫీసతను మళ్లీ చేశాడు.

"అక్కా, బండి మళ్ల ఆగింది. రెండున్నర గంటలైంది."

"క్లచ్ పోయింది తమ్మీ."

"మొన్ననే కొత్తది ఏసినం గదక్కా."

"అయితే గేర్‌బాక్స్."

"రెండిట్ల ఏదక్కా?"

"మీ సార్ ఏది ఒప్పుకుంటే గది."

అతను గొంతు తగ్గించి, "పండుకున్నడా?" అన్నాడు.

"పండుకున్నడు."

"లేపవా?"

"లేప."

"సార్‌కు క్లచ్ అనే చెప్తక్కా. గేర్‌బాక్స్ అంటే మెకానిక్‌ను తోలిస్తడు."

రాత్రి అన్నాల దగ్గర మా అత్తమ్మకు జరిగింది చెప్పాను. మా మామ ఇక్కడి షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండి తోలేవాడు.

"మీ మామ ఎన్నడు మెలకువతోని పోయిండు?" అంది ఆమె. "చెరుకు మీద పండుకునేటోడు. ఎడ్లే తీస్కపోయి ఫ్యాక్టరీ ముందర లైన్ల నిలవడేటియి."

"లారీకి తొవ్వ తెల్వదు అత్తమ్మా."

"గదే అంటున్న. నువ్వు లెక్కలు నేర్పుడేంది, వాన్ని పండుకోనియ్యక?"

ఆమె కోపంగా అనలేదు. పప్పు వేసుకుంటూ అంది. నేను తలవంచుకుని తిన్నాను.

బండి ఎక్కడుందో చూసుకోవడానికి ఆఫీసతను ఎప్పుడో ఒక లింకు పంపాడు. అందులో లారీ నీలం చుక్కలా కనబడుతుంది. ఆ రాత్రి అది కదలలేదు. కదలకూడదనే కదా నేను అన్నది. కానీ కదలని చుక్కను చూస్తే, లోపల మనిషి పడుకున్నాడో ఇంకేమైనా అయిందో తెలియదు. ఎండకు కాలిన క్యాబిన్, మూసిన అద్దాలు. ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. కానీ చేస్తే లేస్తాడు. లేస్తే బండి తీస్తాడు, నాకు తెలుసు. రెండుసార్లు నంబర్ తీసి, నొక్కకుండా పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నా రావడం లేదు.

పొద్దున ఐదూ నలభైకి చుక్క కదిలింది. మొదట నా వేలు తగిలి స్క్రీన్ జరిగిందనుకున్నాను. ఫోన్ కింద పెట్టి చూశాను. నాగపూర్ వైపు పోతోంది. అప్పుడు కూడా ఫోన్ చేయలేదు. పాల ప్యాకెట్లకు పోయి వచ్చాను.

పిల్లలు లేచారు. బిడ్డ పళ్లు తోముకుని నేరుగా ఫోన్ దగ్గరికి పోయింది. "బాపుకు చేస్తా," అంది. ఐదేళ్ల చిన్నోడు నేనూ మాట్లాడతానని వెంటపడ్డాడు. ఫోన్ తీసి అల్మారీ మీద పెట్టాను. ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టాను.

బాపు బండి తోలేటప్పుడు ఇగ మనం ఫోన్ చెయ్యొద్దు అని చెప్పాను. ఆపుకున్నప్పుడు ఆయనే చేస్తాడు. చేయకపోతే పడుకున్నట్టు. ఎంతసేపు చేయకపోయినా పడుకున్నట్టే అనుకోవాలి.

"నేనేమన్న తప్పు అడిగిన్నా అమ్మా?" అంది బిడ్డ.

"నువ్వు తప్పు అడగలే," అన్నాను. "బాపు తప్పు చెప్పలే. నిన్న పగటీలి బాపు మంచిగ పండుకున్నడు. నేనే లేపిన. అది తప్పు."