మామగారికి తాళం లేదన్న అల్లుడు

వీధిలో అందరూ అతన్ని ఎకో మాస్టారు అంటారు. చెప్పుల దుకాణం ప్రకటనైనా, పసిపిల్లల పద్యమైనా, అతని చేతిలో పడితే గుహలోంచి వచ్చినట్టు మోగాల్సిందే. మేడమీది గది గోడలకు పాత దుప్పట్లు మేకులతో కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టి, దుకాణాలకు ప్రకటన పాటలు చేసి ఇల్లు గడుపుకొస్తున్నాడు. పెళ్లికి ముందు బ్యాండు మేళంలో డ్రమ్ము వాయించాడు కాబట్టి, తాళం విషయంలో తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

కింది వాటాలో ఉండే మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన స్టీరింగు పట్టుకుని పాడుతుంటే జనం దిగాల్సిన స్టాపు మరిచిపోయేవారట. కిందటేడు మాస్టారు సరదాపడి ఆయన పాటను రికార్డు చేయబోయాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే అంతటి మనిషీ ప్రతి చరణంలోనూ వెనకబడ్డారు. "మామయ్యగారూ, మీకు గొంతుంది గానీ తాళం లేదండీ," అనేశాడు అల్లుడు, బావమరిదీ అతని భార్యాపిల్లలూ వింటూండగా. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆనాటినుంచీ స్నానాల గదిలో కూడా కూనిరాగం లేదు. మా నాన్న నోరు మూయించారు కదా అని భార్య దెప్పని రోజు లేదు. మాస్టారికీ లోపల గిల్లుతూనే ఉండేది. ఉన్నమాటే కదా అన్నాను అని సర్దిచెప్పుకునేవాడు.

పరుపుల దుకాణం పాట దగ్గర కథ అడ్డం తిరిగింది. పాడాల్సిన అమ్మాయికి గొంతు పట్టేసింది. షావుకారేమో సాయంత్రానికల్లా పాట కావాలని ఒకటే ఫోన్లు. చేసేది లేక మాస్టారే హెడ్‌ఫోన్లు తగిలించుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ చోట తను నిలబడడం అదే మొదలు. పరుపు మెత్తదనం గురించి ఒక ముక్క అందుకున్నాడు. అతని గొంతు ఆ పరుపుమీదే ఓ కునుకు తీసి లేచినట్టు, తీరిగ్గా చెవికి చేరింది. దానికోసం ఆగాడు. ఆగేసరికి తాళం దాటిపోయింది. మళ్లీ పాడాడు, మళ్లీ వెనకబడ్డాడు. వేసుకుని వింటే అచ్చం మామగారే. మొనగాడు పాట ఆపి అనుమానంగా కంప్యూటర్ వైపు తిరిగాడు.

కంప్యూటర్ పాతది. వచ్చే శబ్దాన్ని అది కాసేపు పోగుచేసుకుని పనిచేస్తుంది. ఆ వ్యవధినే బఫర్ అంటారు. ఎక్కువ ఇస్తే కంప్యూటర్‌కు తెరిపి, కానీ పాడేవాళ్ల గొంతు వాళ్లకే ఆలస్యంగా వినిపిస్తుంది. తక్కువ ఇస్తే గొంతు వెంటనే వస్తుంది, కానీ కంప్యూటర్ పని భారం మోయలేక పేలాలు వేగినట్టు చిటపటలాడుతుంది. ఆ చిటపటలు పడలేక మాస్టారు ఎప్పుడో బఫర్‌ను పెంచేసి, మళ్లీ దాని జోలికి పోలేదు. పాడడానికి వచ్చినవాళ్లందర్నీ మాత్రం నిక్షేపంగా తిట్టాడు.

ఇప్పుడు తగ్గించాడు. చిటపట మొదలైంది. భారమంతా ఎక్కడుందా అని చూస్తే తన ఘనకార్యమే. ప్రతి వాయిద్యానికీ విడిగా ఒక ఎకో, చిటికెల చప్పుడుకు కూడా ఒకటి, ఎవరికీ వినపడని చిరుగంటకు రెండు. ఇంట్లో మనిషికో వంటిల్లు కట్టించినట్టుంది వ్యవహారం. అన్నీ పీకేసి, అందరికీ కలిపి ఒకటే ఎకో పెట్టాడు. ఇక మిగిలింది వాయిద్యాలను ఫ్రీజ్ చేయడం. అంటే కంప్యూటర్ వాటిని ప్రతిసారీ కొత్తగా వాయించే శ్రమ లేకుండా, ఉన్నవున్నట్టు గడ్డకట్టించేయడం. కావాలంటే మళ్లీ కరిగించుకోవచ్చు. అయినా మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. ఇంకాస్త దిద్దాలేమోనని ఒకటే పీకులాట. గోడ రంగు తేల్చుకోవడానికే ఏళ్లూ పూళ్లూ తీసుకున్న మనిషి మరి. చివరికి కళ్లు మూసుకుని నొక్కేశాడు. చిటపటలు ఆగాయి. పాడితే గొంతు తనతోపాటే వచ్చింది.

పరుపుల పాట పంపేశాక, సిగ్గుతో చచ్చిపోతూ కిందికి వెళ్లి మామగారికి అంతా చెప్పాడు. ఆయనకు బఫర్ అర్థం కాలేదు గానీ మిగతాదంతా బాగానే అర్థమైంది.

"ఆ మాట నలుగురిలో అన్నారు అల్లుడుగారూ. ఇది నా ఒక్కడికి చెబితే సరిపోతుందా?"

ఆదివారం అందర్నీ పిలిచి దుప్పట్ల గదిలో కూర్చోబెట్టాడు. తప్పు మామయ్యగారిది కాదు, తనదేనని ఒప్పుకున్నాడు. బావమరిది వదల్లేదు, రుజువు వినిపించమన్నాడు. మాస్టారు పరుపుల పాట మొదటిసారి పాడింది వేశాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

మామగారు నవ్వలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి చరణం భయంభయంగా పాడారు. గొంతు వెంటనే వినపడేసరికి కళ్లు పెద్దవయ్యాయి. రెండో చరణం నుంచి ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఒక్కచోట కూడా తాళం జారలేదు.

పాట అయ్యాక ఎవరివైపూ చూడకుండా హెడ్‌ఫోన్లు సవరించుకున్నారు.

"ముసలాణ్ణయ్యాను, నిజంగానే పోయిందనుకున్నాను బాబూ," అన్నారు. "ఏడాదంతా అదే అనుకున్నాను."

 మాస్టారు ఇంకొకటి పాడమని చేత్తో సైగ చేశాడు.