పాత మెకానిక్ ఇంటికి జట్టు జెర్సీ

ఈ రోజు జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో ఒక ఇంటర్వ్యూ దాదాపు చేజారింది. డోపింగ్ బయటపడి మూతబడిన ఒక ప్రొఫెషనల్ సైక్లింగ్ జట్టు చరిత్ర రాస్తున్నాను. దాని పాత మెకానిక్ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇవ్వడానికే ఆరు వారాలు పట్టింది. నా జర్మన్ అంతంతమాత్రం. అందుకని ఇక్కడ మాస్టర్స్ చేస్తున్న హైదరాబాదీ సమీర్‌ను అనువాదానికి రమ్మన్నాను.

సైకిల్ మీద వచ్చాడు. ఒంటి మీద అదే జట్టు జెర్సీ! పాత వస్తువుల సంతలో దొరికిందట. తలుపు తీసిన పెద్దాయన దాన్ని చూసి, "వెళ్లిపోండి" అన్నాడు.

"ఏం పని చేశావయ్యా సమీర్?"

"మ్యాచ్‌కు పోతే మన టీమ్ జెర్సీ ఏసుకుంటం కదన్నా! ఆయన ఖుష్ అయితడనుకున్న."

సమీర్ జెర్సీ విప్పేసి, టీషర్టుతో నిలబడి క్షమాపణ చెప్పాడు. పెద్దాయన తలుపు సగం మూశాడు. అంతలో ఆయన చూపు సైకిల్ మీద పడింది.

"ఈ చైన్‌తోనా తిరుగుతున్నావు?"

బయటికొచ్చి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, గుడ్డ కోసం చెయ్యి చాచాడు. సమీర్ చేతిలో ఉన్నది జెర్సీ ఒక్కటే. ఇచ్చాడు.

ఆయన దాంతోనే చైన్ తుడిచాడు. తుడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. "రోజుకు ఎనిమిది సైకిళ్లు కడిగేవాణ్ణి. వాటి మీద ఒక్క మరక ఉండేది కాదు." అడిగి రికార్డర్ ఆన్ చేశాను. రెండు గంటలు మాట్లాడాడు.

తిరిగొస్తూ సమీర్ గ్రీజు జెర్సీని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఉతకాల్నా అన్నా, గిట్లనే ఉంచాల్నా?"

ప్రశ్నలు అడగడమే నా ఉద్యోగం. దీనికి జవాబు మీరే చెప్పండి.