సోఫాల కొట్టులో వదిన వంతు

మా వదిన సోఫాలు కుడుతుంది. కుడుతుంది అనేది చాలా చిన్న మాట. పాత కుర్చీ ఒకటి ముందు పెడితే చాలు, ముందు దాన్ని అరచేత్తో నొక్కి చూస్తుంది. పక్కకు వంచి అడుగు చూస్తుంది. ఆపైన మేకులు పీకి, బట్ట ఊడదీసి, పీచు తీసి, స్ప్రింగులు విప్పి, ఒట్టి కర్ర చట్రం మిగిలేదాకా వదలదు. "లోపల ఎవరేం చేశారో చూడకుండా పైన బట్ట మారిస్తే, ముఖం కడక్కుండా పౌడరు రాసినట్టే" అంటుంది. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. పెళ్ళిచూపుల్లో మా అన్నయ్య తన ఉద్యోగం గురించి గొప్పలు చెబుతుంటే, ఆయన కూర్చున్న కుర్చీ వంకే చూసి చూసి, "మీరు కాస్త లేస్తారా? ఆ ఎడమవైపు స్ప్రింగు పోయినట్టుంది" అందట. ఆ కథ అన్నయ్య ఇప్పటికీ తనే చెప్పి తనే నవ్వుకుంటాడు.

ఆమె కొట్టు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఒక గోడ పొడుగునా స్పంజి పలకలు, రెండో గోడ పొడుగునా బట్టల తానులు, మధ్యలో సగం విప్పినవీ సగం కుట్టినవీ సోఫాలు. ఒకసారి మా వీధి పళ్ళ డాక్టరు తన క్లినిక్ బెంచీ బాగుచేయించుకోవడానికి వచ్చి, కొట్టు మధ్యలో నిలబడి ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు.

"నా పని ఇంకా మొదలే పెట్టలేదండీ, అప్పుడే చప్పట్లా?" అంది వదిన.

"అది కాదమ్మా. చూడండి, చప్పుడు తిరిగి రావట్లేదు. మీ స్పంజి తాగేస్తోంది. నా క్లినిక్‌లో ఇదే చప్పట్లు గాజు పగిలినట్టు వినిపిస్తాయి."

వారం తిరిగేసరికి ఆయన తన రికార్డు ప్లేయరూ రెండు స్పీకర్లూ కొట్టుకు మోసుకొచ్చాడు. ఆయనకు జాజ్, సోల్ రికార్డుల పిచ్చి. నాకూ అదే పిచ్చి. పుస్తకం లేదు, గురువు లేడు, విని విని పట్టుకున్నదే. డ్రైవింగ్ స్కూలు నడిపే మేడమ్ మాతో చేరింది. లిఫ్టులు బాగుచేసి రిటైరైన ఒకాయన చేరాడు, ఆయన్ని మేమంతా బాబాయ్ అంటాం. అలా ఆదివారం మధ్యాహ్నాలు మా సభ వదిన కొట్టులో మొదలైంది. కూర్చునేది ఖాతాదారుల సోఫాల మీదే. ఎవరివో మాకు తెలియదు. ఒక వారం మెత్తగా అలవాటైన సోఫా మరో వారానికి వాళ్ళింటికి వెళ్ళిపోతుంది, మేం ఇంకోదాన్ని వెతుక్కుంటాం.

సభకు ఒక పద్ధతి ఉంది, డాక్టరు పెట్టినదే. వారానికొకరి వంతు. వంతు వచ్చినవాళ్ళు ఒక రికార్డు తెస్తారు. అట్ట చూపించరు, పేరు చెప్పరు. ప్లేయరు ముల్లు పైకి లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. లేచాక ఒక్కొక్కరూ తమకేం వినిపించిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. మొహమాటాలు లేవు.

వదిన మాత్రం వంతు తీసుకునేది కాదు. మా మధ్యే కూర్చుని చేతిలో ఏదో కుడుతూ వినేది. అడిగితే, "మీరంతా చదువుకున్న చెవులు. నావి మామూలు చెవులు" అని తప్పించుకునేది.

"వదినా, చెవులకు కూడా డిగ్రీలుంటాయా?" అన్నాను ఒకసారి.

"ఉంటాయి మరిదిగారూ. మీ అన్నయ్యవి పదో తరగతి తప్పాయి, నేను పిలిస్తే వినపడదు."

ఒక పాత దివాను అడుగు పెట్టెలో ఆమెకొక రికార్డు దొరికింది. పెద్ద సైజుది, అట్ట మీద అక్షరం లేదు. నడిమధ్య అంటించే కాగితం ఒక వైపు చెమ్మకు ఊడిపోయింది, రెండో వైపు తెల్లగా ఉంది. దివాను యజమానురాలు "మాకెందుకండీ, మీరే ఉంచుకోండి" అందట. ప్లేయరు వారమంతా కొట్టులోనే ఉండేది కదా, పని చేసుకుంటూ వదిన దాన్ని ఒంటరిగా వినడం మొదలుపెట్టింది. మాకెవరికీ చెప్పలేదు. కొన్ని నెలలు అలా విన్నాక, ఒక ఆదివారం అందరూ లేచి వెళ్ళబోతుంటే సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "వచ్చేవారం నా వంతు" అంది.

ఆ వారమంతా ఆమె ఎంత కంగారుపడిందో నాకు తెలుసు. "నవ్వుతారేమో అబ్బాయ్" అంది ఒకసారి. "నవ్వితే ఇంకెప్పుడూ అడగొద్దు నన్ను. కుట్టుకుంటూ వింటాను, నాకదే చాలు." ఆ మాట ఆమె ఉత్తినే అనలేదని నాకు తెలుసు. ఒకసారి వద్దనుకున్నదాని జోలికి మళ్ళీ వెళ్ళే మనిషి కాదు.

ఆదివారం వచ్చింది. వదిన చేతులు రెండుసార్లు కడుక్కుని, రికార్డును అంచులతో పట్టుకుని, ప్లేయరు మీద పెట్టి ముల్లు దించింది. ఎప్పుడూ లేనిది, ఆ రోజు చేతిలో కుట్టు పని లేదు.

మందంగా ఒక బేస్ మొదలైంది. దాని వెనక డ్రమ్ములు, తడి ఇసకలో నడుస్తున్నట్టు. తర్వాత లోతైన మగగొంతు, ప్రతి మాటనూ బావిలోంచి తోడుకుంటున్నట్టు. పాట సగంలో ఒక బరువైన ఊదుడు వాద్యం. నా పక్కన డాక్టరు కాలు ఊగడం ఆగిపోయింది. ఆయన ప్లేయరు వంక చూశాడు, నా వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు. అప్పుడు నాకూ వెలిగింది. అది నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరగాల్సిన రికార్డు. ముప్పై మూడు మీద తిరుగుతోంది. పెద్ద రికార్డంటే ముప్పై మూడే అని మాలాంటి వాళ్ళందరి చేతికీ అలవాటు. చిన్నవాటికే స్పీడు మీట మారుస్తాం. పెద్దవాటిలోనూ నలభై అయిదువి కొన్ని ఉంటాయి. చెప్పడానికి కాగితం మీద ఏమీ లేదు.

చెప్పడానికి నోరూ లేదు. ముల్లు లేవలేదు. పద్ధతి పెట్టిన పెద్దమనిషి తన పద్ధతికి తనే దొరికిపోయి, చెప్పు కరిచినవాడిలా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వదిన కళ్ళు మూసుకుని ఉంది. ఆ ముఖం చూస్తుంటే రికార్డు ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

అయిపోయింది. ముల్లు లేచింది.

"పాపం ఎవరో గానీ అక్కా," అంది డ్రైవింగ్ మేడమ్ ముక్కు ఎగబీలుస్తూ, "పెళ్ళాం వదిలేసినట్టుంది. నాకు ఏడుపొచ్చింది."

"ఆ ట్రాంబోన్ వాయించినవాడికి దణ్ణం పెట్టాలి," అన్నాడు బాబాయ్. "అంత నిదానంగా ఊదాలంటే ఊపిరితిత్తులు కాదు, గోడౌన్లుండాలి."

డాక్టరు వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. "మొహమాటం వద్దని రూలు పెట్టింది నేనే, నన్ను నేను తిట్టుకుంటూ చెబుతున్నానమ్మా. ఇది నలభై అయిదు రికార్డు. మనం నెమ్మదిగా విన్నాం."

"పెద్దది కదండీ?" అంది వదిన.

"పెద్దవాటిలోనూ ఉంటాయి. మీ తప్పు కాదు, నేనైనా అలాగే పెట్టేవాణ్ణి."

వదిన చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడింది. ఇక అయిపోయింది, రికార్డు తీసి అట్టలో పెట్టేస్తుంది, మళ్ళీ జన్మలో వంతు మాటెత్తదు అనుకున్నాను. ఆమె ప్లేయరు దగ్గరికి వెళ్ళి, మీట నలభై అయిదు మీదకు తోసి, "అయితే సరిగ్గా విందాం" అని ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టింది.

డ్రమ్ములు ఇసకలోంచి లేచి పరుగెత్తాయి. బావి గొంతు పోయి ఆడగొంతు వచ్చింది, చలాకీగా, కొంటెగా, ఎవరినో ఆట పట్టిస్తున్నట్టు. డ్రైవింగ్ మేడమ్ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. బాబాయ్ తల గోక్కున్నాడు.

ముల్లు లేచాక అందరం వదిన వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాం. ఆమే నవ్వడం మొదలుపెట్టింది.

"ఇన్ని నెలలుగా ఈయన్ని ఓదారుస్తున్నానండీ నేను! తీరా చూస్తే ఈయన ఈవిడ. పైగా ఈవిడకు ఏ దిగులూ లేదు, మనకే తగిలించింది."

"బాబాయ్, మీ ట్రాంబోన్ ఏమైంది?" అన్నాను.

"చిక్కిపోయి ట్రంపెట్ అయ్యిందిరా," అన్నాడాయన.

"అక్కా, నాకు ఆ మొదటిదే కావాలి," అంది డ్రైవింగ్ మేడమ్. "అదే బాగుంది. మళ్ళీ అదే పెట్టు."

"కుదరదు," అన్నాడు డాక్టరు. "ఆవిడ పాడింది అది కాదు. మనకు నచ్చిందని ఆవిడ గొంతు మార్చేస్తామా?"

"వినేవాళ్ళం మనం కదండీ!"

ఇద్దరూ వదిన వైపు తిరిగారు. ఆమె దగ్గర్లో ఉన్న ఒక విప్పిన కుర్చీ మీద చెయ్యి వేసింది.

"డాక్టరుగారే రైటు," అంది. "నేను కుర్చీ విప్పేది దాన్ని ఎలా కట్టారో చూసుకోవడానికి. విప్పిన కుర్చీలో ఎవర్నీ కూర్చోమనను. పాట ఆవిడ పాడినట్టే వినాలి. కానీ ఈ పాటనూ విప్పి చూశాను కాబట్టి ఒకటి చెబుతాను. బాబాయ్ ఒక్క వాద్యం అన్నారు. అవి రెండు. ఒకరు ముందు ఊదుతారు, రెండోవాళ్ళు వెంట్రుకవాసి వెనకాల అదే ఊదుతారు. నెమ్మదిగా తిప్పినప్పుడు ఆ సందు కనిపిస్తుంది, రెండు బట్టలు కలిపిన చోట కుట్టులా. ఇప్పుడు ఈ స్పీడులో పట్టుకోండి చూద్దాం."

డాక్టరు నొసలు చిట్లించాడు. "నాకు ఒక్క ట్రంపెట్టే వినిపించిందమ్మా."

"అయితే ఇంకోసారి వినండి."

ముల్లు మళ్ళీ దిగింది, నలభై అయిదు మీదే. ఊదే భాగం దగ్గరపడుతుంటే డాక్టరు ముందుకు వంగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మాట్లాడకూడదు కదా. అది వచ్చింది, పోయింది. ఆయన చెయ్యి నెమ్మదిగా పైకి లేచి రెండు వేళ్ళు చూపించింది. కాసేపటికి అదే వరస తిరిగి వచ్చింది. ఈసారి డ్రైవింగ్ మేడమ్ రెండు వేళ్ళు. నేనూ ఎత్తాను. ట్రంపెట్ నీడలో ఒక శాక్సోఫోన్ నిజంగానే ఉంది, ఉందని చెప్పాక ఇక మరుగున పడనంత స్పష్టంగా. చివరికి బాబాయ్ రెండు చేతులూ ఎత్తేశాడు. అది విన్నట్టో, ఓడినట్టో తెలియలేదు. మా వదిన మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ నిలబడింది. చీరకు అంటుకున్న స్పంజి పొడి కూడా దులుపుకోలేదు. ఆ క్షణంలో ఆమె నాకు వదిన అయినందుకు, ఆ గదిలో అందరికంటే నేనే పొడుగైపోయినట్టు అనిపించింది.

ముల్లు లేచింది. అందరం ఒకేసారి మాట్లాడాం, ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఆ గోలలో వదిన నేరుగా బాబాయ్ సోఫా ముందుకెళ్ళి నిలబడింది.

"వచ్చేవారం మీ వంతు కదా బాబాయ్?"

"అవునమ్మాయ్."

"నాకిచ్చేయండి. ఈ రికార్డుకు రెండో వైపు కూడా ఉంది. మీరెలాగూ ట్రాంబోన్ వెతుక్కోవాలి."

"ఇవ్వను," అన్నాడు బాబాయ్, దిండు ఒళ్ళోకి లాక్కుని. "ఇంతకాలం బతిమాలితే రాలేదు, ఇప్పుడు వరస తప్పి వస్తావా? వెనకాల నిలబడు."

"నిలబడతాను," అంది వదిన. "ఎవరి వెనకాలో చెప్పండి."