తప్పునాదే గారి పియానో

లోకంలో ఎవరు చేసిన తప్పునైనా తనదేనని ఒప్పేసుకోవడం ఆయనకున్న ఏకైక దురలవాటు. కొందరికి పొగాకు, కొందరికి పేకాట, ఆయనకిది. రోడ్డు మీద ఎవరైనా వెనక నుంచి వచ్చి ఢీకొంటే, కిందపడ్డ కళ్ళజోడు వెతుక్కుంటూనే "తప్పు నాదేనండీ, నా వీపు మీకు అడ్డం వచ్చింది" అనేవాడు.

ఆయనది వాచీలు బాగుచేసే చిన్న షాపు. ఒకాయన చేతి వాచీని చొక్కా జేబులో మరిచిపోయి, చొక్కాతో పాటు ఉతికేసి, పిండేసి, ఆరేసి, ఆ తర్వాత పట్టుకొచ్చాడు. "ఆగిపోయిందండీ, మీరు మొన్ననేగా బాగుచేసిందీ?" అని నిలదీశాడు.

"తప్పు నాదే బాబూ. దీనికి ఈత రాదని అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు ఈయన.

ఇంట్లో ఆవిడకి ఇదొక తీరని బెంగ. "ముప్పై ఏళ్ళుగా ఈయనతో ఒక్కసారైనా తనివితీరా పోట్లాడదామని చూస్తున్నాను. రెండో మాటకే ఓడిపోతాడు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని నేనే చెబితే, 'తప్పు నాదే, ఇవాళ నా నాలుక కాస్త సుకుమారంగా ఉంది' అంటాడు. సంసారమన్నాక ఇదేం పద్ధతి?" అని పక్కింటివాళ్ళ దగ్గర వాపోయేది.

అందుకే ఊరంతా ఆయన్ని తప్పునాదే గారనేవాళ్ళు. అసలు పేరు షాపు బోర్డు మీద ఉండేది గానీ, ఎండకి వెలిసిపోయి, అదీ తన తప్పేనన్నట్టు మెల్లగా వెనక్కి తగ్గింది.

ఈ తప్పునాదే గారు అందరికంటే ఎక్కువగా ఎవరి ప్రాణం తోడేశాడూ అంటే, కండక్టరమ్మ ప్రాణం. పగలంతా సిటీ బస్సులో టికెట్లు కొట్టే ఈవిడ, సాయంత్రం డ్యూటీ దిగగానే గ్రంథాలయం మేడ మీది హాల్లో నాటకాలు వేయించేది. నటులంతా ఆ చుట్టుపక్కల పనులు చేసుకునేవాళ్ళే. యూనిఫాం తీసేసినా నోరు మాత్రం బస్సులోనే ఉండేది. పాట మొదలవ్వాలంటే "రైట్ రైట్!" ఆగాలంటే "హోల్డాన్!" స్టేజి అంచున కోరస్ కిక్కిరిసి నిలబడితే, "లోపలికి జరగండమ్మా, మధ్యలో ఎంత ఖాళీ ఉందో చూడండి!"

ఆ యేడు ఆవిడ ఒక పెద్ద సాహసానికి దిగింది. ఎప్పుడూ రెండు మూడు పాటలుండే మాటల నాటకాలేనా, ఈసారి పూర్తి సంగీత నాటకం వేద్దామంది. పదకొండు పాటలు. ఊళ్ళో పాటల్ని నిషేధించిన రాజూ, దొంగచాటుగా పాడుకునే జనమూ, అదీ కథ. నాయిక మందుల షాపు అమ్మాయి. నాయకుడు ప్లంబరు. రాజు వేషం లెక్కల మాస్టారు ఏరికోరి అడిగి తీసుకున్నాడు. పాటలు గిట్టని రాజుకి పాటలుండవని ఆయన లెక్క. పియానో మాత్రం, ఇరవై ఏళ్ళ నుంచీ ఉన్నట్టే, తప్పునాదే గారిది.

చిక్కంతా అక్కడే. ఆయన ఒక్క పాట కూడా తిన్నగా వాయించి ఎరగడు. పాట జోరుగా సాగుతుండగా, ఉన్నట్టుండి పియానోలోంచి "ఠంగ్!" మని గిన్నె జారిపడ్డ చప్పుడు వచ్చేది. వెంటనే రెండు చేతులూ పైకెత్తేసేవాడు.

"హోల్డాన్! ఏమైంది బాబాయిగారూ?"

"తప్పు నాదేనమ్మా. చిటికెన వేలు జారింది."

"నిన్న బొటనవేలన్నారు?"

"ఇవాళ దీని వంతమ్మా. ఆ చరణం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుందామా?"

ప్లంబరు నవ్వేవాడు. మందుల షాపు అమ్మాయి నవ్వేది. కోరస్ మొత్తం నవ్వేది. పాట మళ్ళీ మొదలయ్యేది, నాలుగడుగులు వేసేది, మళ్ళీ ఠంగ్. ఓ సాయంత్రం కండక్టరమ్మ ఓపిక నశించి, టికెట్ల పుస్తకం వెనక అట్ట మీద ఠంగు ఠంగుకీ ఒక గీత గీసింది. ఇంటికెళ్ళేటప్పుడు చూసుకుంటే ముప్పై నాలుగు గీతలు. "మా బస్సు కూడా ఇన్ని స్టాపుల్లో ఆగదు" అనుకుంది.

నాటకానికి ఇంకా మూడు వారాలే ఉంది. ఆఖరి పాటలో, నాయిక గొంతు అన్నిటికంటే పైకెళ్ళే చోట, ఆయన వరసగా ఐదు రోజులూ తప్పే వాయించాడు. ఆరో రోజు ఆవిడ గుండె రాయి చేసుకుంది. ఏం చెప్పాలో బస్సులో పొద్దున్నుంచీ మనసులో రిహార్సల్ వేసుకుని, సాయంత్రం పియానో దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"బాబాయిగారూ, ఒక మాట. మీరు మరోలా అనుకోకపోతే..."

"నన్ను మార్చాలంటావు, అంతేగా?"

ఆవిడ తల దించుకుంది.

"తప్పు నాదేనమ్మా. నాకై నేను చెప్పాల్సింది పోయి, నీ చేత ఆ మాట అనిపించే దాకా తెచ్చాను" అని కళ్ళజోడు తుడుచుకుని, పియానో మూత వేసి, మెట్ల దగ్గర ఆగి, "ఆ మూడో మెట్టు ఊగుతోంది, కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆయన్ని తీసేసిన పాపం కూడా ఆయనే మోసుకుపోయాడు. ఆ రాత్రి కండక్టరమ్మకి అన్నం సయించలేదు.

ఆయన స్థానంలో వచ్చింది కండక్టరమ్మ మేనకోడలు. సంగీతం పరీక్షలన్నీ మొదటి తరగతిలో పాసైన పిల్ల. వేళ్ళు ఇస్త్రీ చేసినట్టుండేవి. మొదటి రోజు పాటలన్నీ ఒక్క పొరపాటు లేకుండా వాయించి వినిపించింది. "ఇదీ వాయించడమంటే!" అని లెక్కల మాస్టారు చప్పట్లు కొట్టాడు.

"రైట్ రైట్!" అంది కండక్టరమ్మ హుషారుగా.

ప్లంబరు ఎత్తుకున్నాడు. మొదటి చరణం ఫరవాలేదు. రెండో చరణంలో పై మెట్టుకి వెళ్ళాల్సిన గొంతు దారి తప్పి పక్కింట్లోకి వెళ్ళింది. పియానో ఆగలేదు. ఎక్స్‌ప్రెస్ బండిలా తన పట్టాల మీద తను దూసుకుపోయింది. ప్లంబరు పాట మధ్యలో ఆగిపోయి, ఎక్కడ కారుతోందా అని గోడలు పరికించేవాడిలా చుట్టూ చూశాడు.

"అక్కా... ఇందాక వచ్చిన ఆ చప్పుడు నాదేనా?"

కోరస్ మొత్తం తలలు దించుకుని పాటల కాగితాలు తిరగేసింది. అదే జవాబైంది.

ఆఖరి పాటలో మందుల షాపు అమ్మాయి పై స్వరం అందుకోబోయి, సగం దారిలో ఊపిరి చాలక, మెట్ల మీద కూలబడ్డదానిలా ఆగిపోయింది. మళ్ళీ పాడింది. మళ్ళీ ఆగింది. మూడోసారి పాడలేదు. "ఇన్నాళ్ళూ నాకిక్కడ ఊపిరి అందుతోందనే అనుకున్నాను" అని మెల్లగా అని, చేసంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. స్టాకు చూసుకోవాలని కబురు పంపింది. ఆ మర్నాడూ స్టాకే చూసుకుంది. నాలుగు అరల మందుల షాపులో అంత స్టాకు ఎక్కడిదో ఎవరికీ అర్థం కాలేదు.

హాల్లో నవ్వులు పోయి గొడవలు మొదలయ్యాయి. శ్రుతి చెడితే "నీ వల్లే" అంటే "నీ వల్లే" అని కోరస్‌లో కుడివైపు వాళ్ళూ ఎడమవైపు వాళ్ళూ మాటలు మానేశారు. పాటే లేని లెక్కల మాస్టారిని కూడా ఎవరో, "ఆయన అలా చూస్తుంటే గొంతు పెగలడం లేదు" అన్నారు. ఇదివరకు తప్పుకంటూ ఒక ఇల్లుండేది. పుట్టగానే నేరుగా పియానో దగ్గరికెళ్ళి కూర్చునేది. ఇప్పుడది వీధిన పడి, కనిపించిన ప్రతి గుమ్మమూ తొక్కుతోంది.

నాటకం ఇంకా పది రోజులుందనగా, ఆదివారం మధ్యాహ్నం, మేనకోడలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కండక్టరమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పాటలు ఏ వేగంతో నడిచేవో తెలుసుకుందామని పాత రిహార్సల్ రికార్డింగు వింటోంది.

"అత్తా, ఆయనకి అసలు వాయించడం రాదన్నావు కదూ?"

"ముప్పై నాలుగు తప్పులు, ఒక్క సాయంత్రంలో! నేనే లెక్కపెట్టాను. నువ్వు వింటున్నది ఆ రోజుదే."

"ఓసారి ఇది విను."

విన్నది. ప్లంబరు గొంతు, ఆ తర్వాత ఠంగ్, ఆ తర్వాత "తప్పు నాదే", ఆ తర్వాత నవ్వులు.

"విన్నానుగా, రోజూ వినేదేగా."

"మళ్ళీ విను. ముందు ఏం తప్పింది? గొంతా, పియానోనా?"

కండక్టరమ్మ గరిటె పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని విన్నది. ముందు గొంతు జారింది. అది చెవిన పడీ పడకముందే, దాని మీద మూత వేసినట్టు, ఠంగ్!

"తప్పు చేసేవాడు ముందు చేస్తాడు గానీ, ఒకళ్ళు చేశాక దాని వెనకే రెప్పపాటులో ఎలా చేస్తాడత్తా? ఇంత సరిగ్గా తప్పు కొట్టడం నా వల్ల కాదు. మా మాస్టారి వల్ల కూడా కాదు. ఆ అమ్మాయి పాట చూడు. ఆమెకి ఊపిరి అయిపోయే చోటల్లా ఈయన వేలు జారుతోంది. 'మళ్ళీ మొదటి నుంచి' అనేసరికి ఆమెకి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతోంది. మొత్తం విన్నాను. ముప్పై ఒక్కసార్లు ఇంతే."

"మరి మిగతా మూడు?"

"అవి నిజంగా ఆయనవే" అంది పిల్ల.

కండక్టరమ్మ పొయ్యి కట్టేసి, చెప్పులేసుకుని, వాచీ షాపుకి బయల్దేరింది. ఆదివారమైనా ఆయన అక్కడే ఉన్నాడు, కంటికి భూతద్దం తగిలించుకుని. ఈవిడ గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. ఆయన భూతద్దం తియ్యకుండానే విన్నాడు. దాని వెనక ఆ ఒక్క కన్ను దోసకాయంత కనిపిస్తోంది.

"అంత తెలివి నాకెక్కడిదమ్మా? వయసు మీద పడింది, వేళ్ళు జారుతున్నాయి."

"బాబాయిగారూ, రవ్వంత స్క్రూని పట్టి బిగిస్తున్నారు మీరు. ఆ వేళ్ళు జారతాయంటే నేను నమ్మాలా?"

ఆయన చేతిలో స్క్రూ వంక చూసుకున్నాడు. దొంగసొత్తుతో పట్టుబడ్డవాడిలా దాన్ని మెల్లగా డబ్బాలో పెట్టాడు.

"ఎందుకు చేశారిలా? ఇరవై ఏళ్ళు! మిమ్మల్ని చూసి ఊరంతా నవ్వింది."

"నవ్వితే నవ్వనీ. ఆ ప్లంబరుని చూడు, పగలంతా పైపుల కింద దూరి పనిచేసి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పాడటానికొస్తాడు. నలుగురిలో ఒక్కసారి 'నీకు రాదు' అనిపించుకుంటే, మళ్ళీ బాత్‌రూంలో కూడా పాడడమ్మా. నన్నంటే ఏముంది, అలవాటైపోయిన ఒళ్ళు, అంటుకోదు" అని స్క్రూల డబ్బా మూత పెట్టి, "వాళ్ళకి మాత్రం చెప్పకు" అన్నాడు.

"చెప్పను. రేపు రండి."

"పిల్ల చక్కగా వాయిస్తోందట కదా?"

"దానికి వాయించడం వచ్చు. మీకు మమ్మల్ని కాచుకోవడం వచ్చు. ఇంకేం మాట్లాడకండి, ఆరింటికి హాల్లో ఉండాలి."

అక్కడి నుంచి ఆవిడ తిన్నగా మందుల షాపుకి వెళ్ళి, "పాత పియానో ఆయన వస్తున్నాడమ్మా, మరి నీ స్టాకు అయిందా?" అంది. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "రేపటికి అయిపోతుందక్కా" అంది.

సోమవారం సాయంత్రం ప్లంబరు పాటలో మొదటి ఠంగు మోగగానే హాలంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "తప్పు నాదే!" అన్నాడాయన. కోరస్‌లో కుడివైపు వాళ్ళూ ఎడమవైపు వాళ్ళూ ఒకేసారి నవ్వి, అలిగామన్న సంగతే మరిచిపోయారు. మేనకోడలు ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కాగితాలు తిప్పడానికని పైకి చెప్పింది గానీ, చూపంతా ఆయన వేళ్ళ మీదే ఉంచింది. పరీక్షల్లో లేని పాఠం మరి.

నాటకం రోజు హాలు నిండిపోయింది. ప్లంబరు నాలుగు చోట్ల జారాడు, నాలుగు చోట్లా ఠంగు మోగింది. ఆగే వీల్లేదు గనక, మోగిన ప్రతిసారీ తప్పునాదే గారు జనం వైపు తిరిగి చెంపలు వాయించుకున్నాడు. జనం పగలబడి నవ్వారు. ప్లంబరు దర్జాగా పాట పూర్తిచేశాడు.

ఆఖరి పాట వచ్చింది. కండక్టరమ్మ తెర పక్కన నిలబడి, అమ్మాయిని చూడటం మానేసి పియానో వైపే చూసింది. గొంతు పైకెక్కుతోంది. ఆయన కుడిచేతి చిటికెన వేలు పక్కకి జరిగి, తప్పు మెట్టు మీద, తాకీ తాకకుండా నిలబడింది. అమ్మాయి పై స్వరం అందుకుంది. నిలిపింది. ఇంకా నిలిపింది. ఆ వేలు గాలిలోనుంచే మెల్లగా తన చోటికి తను వెళ్ళిపోయింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. తప్పునాదే గారు కళ్ళజోడు తీసి, అవసరానికి మించి చాలాసేపు తుడుచుకున్నాడు.

జనం వెళ్ళేటప్పుడు కండక్టరమ్మ మెట్ల దగ్గర నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతోంది. ఖరీదైన శాలువా కప్పుకున్న పెద్దాయన ఒకరు ఆగారు.

"అమ్మాయ్, బ్రహ్మాండం! పాడినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు తప్పు పాడలేదు. ఆ కుర్రాడి గొంతు ఏం గొంతమ్మా! కానీ ఆ పియానో ఆయన్ని మాత్రం మార్చెయ్యి. అన్నీ ఆయనే చెడగొడుతున్నాడు."

కండక్టరమ్మ నోరు తెరిచింది. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి మూసుకుంది. పెద్దాయన వెళ్ళాక వెనక్కి తిరిగితే, రెండు మెట్ల పైన తప్పునాదే గారు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ముఖం వెలిగిపోతోంది. పక్కనున్న మేనకోడలి భుజం తట్టి, ఎవరికీ వినపడకుండా అన్నాడు:

"విన్నావా? కుర్రాడి గొంతు బాగుందిట!"