ఎర్ర ఝాలరుకు వ్యతిరేకంగా

ఆ రోజుల్లో కారణం తెలియనిదే నేను ఏ పనీ చేసేవాణ్ణి కాదు, ఎవరినీ చెయ్యనిచ్చేవాణ్ణీ కాదు. తుమ్మితే ప్రయాణం ఎందుకు ఆపాలి, గ్రహణంనాడు వండిన అన్నం ఎందుకు పారబొయ్యాలి అని పెద్దల వెంటపడి అడిగేవాణ్ణి. పెళ్లిపీటల మీద కూర్చుని కూడా, జీలకర్రా బెల్లం ఎందుకని పురోహితుణ్ణి నిలదీశాను. "ముందు పెట్టు నాయనా, తరవాత అడుగు. ముహూర్తం దాటిపోతోంది" అన్నాడాయన. (ముహూర్తం మాత్రం ఎందుకని అడగబోయాను గానీ, వెనకనుంచి మా మేనమామ నా వీపు గట్టిగా గిల్లాడు.) ఆ ప్రశ్నలు అడిగినందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను. వాటిలో చాలావాటికి ఈ దేశం ఇంకా జవాబు చెప్పవలసే ఉంది. అయితే అంతటి హేతువాదమూ ఒక కిటికీకి కట్టే జానెడు గుడ్డముక్క దగ్గర బోర్లాపడింది. ఆ సంగతి తలుచుకుంటే మాత్రం నాలో నేనే నవ్వుకుంటాను.

అప్పుడు నేను బిలాస్‌పూర్ రైల్వే గూడ్సు ఆఫీసులో కొత్త గుమాస్తాను. విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపులనుంచి వచ్చిన తెలుగువాళ్లం అక్కడ కొన్ని వరసల క్వార్టర్లు నిండా ఉండేవాళ్లం. లోకో షెడ్డు మాకు బాగా దగ్గర. ఇంజన్ల పొగ మా పప్పులోనూ ఉండేది, తలగడల్లోనూ ఉండేది. ఉతికి ఆరేసిన పంచె తీసి మడతపెట్టేసరికి మళ్లీ మాసినట్టుండేది. ఆ పొగలోనే మాకొక చర్చాసభ. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి క్వార్టర్లో చేరి, ఒకడు తీర్మానం ప్రతిపాదిస్తే ఇంకొకడు బలపరిచేవాడు, మిగిలినవాళ్లు దాన్ని చీల్చి చెండాడేవారు. విధవా వివాహం మీదా, శకునాల మీదా, ఘోషా మీదా అలా తీర్మానాలు నెగ్గించాం. స్త్రీ స్వాతంత్ర్యం మీద కూడా ఒకటి ఏకగ్రీవంగా నెగ్గింది. (ఆడవాళ్లు వంటింటి తలుపు వెనక నిలబడి విన్నారు. ఓట్లు మేమే వేశాం.)

మా ఆవిడ కాపరానికి వచ్చింది వేసవిలో. మా ముందుగదికి ఒకే ఒక పెద్ద కిటికీ, అదీ పడమటివైపు. వచ్చిన వారంలోనే ఆమె అడిగింది. "ఏటండీ, ఈ కిటికీకి ఓ వెదురు తెర కట్టిద్దురూ. మజ్జానం అయితే పొయ్యి ముందు కూకున్నట్టే ఉంటోంది." నేను వెంటనే కుర్చీలోంచి లేచాను. (ఇంట్లో మాట్లాడినా లేచే మాట్లాడేవాణ్ణి.) "తెర అనేది ఘోషాకు తోబుట్టువు. నా ఇంట్లో స్త్రీకీ లోకానికీ మధ్య ఏ అడ్డూ ఉండడానికి వీల్లేదు" అన్నాను. "లోకం కాదండీ, ఎండ" అంది ఆమె. ఒక సెలవునాడు మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుని వ్యాసం రాయబోయాక, ఎండకూ లోకానికీ గల భేదం నాకు చెమటతోసహా బోధపడింది. శనిచరీ బజారుకు వెళ్లి తెర కొని తెచ్చాను. పైన చుట్టుకుని ఉంటుంది, తాడు వదిలితే కిందికి జారుతుంది. ఎండ ఆపుతుంది కనుక అది హేతుబద్ధమైన వస్తువేనని ప్రకటించి, నేనే మేకులు కొట్టాను.

వానలు మొదలయ్యాక తెర దించవలసిన పని లేకపోయింది. దసరా దాటేదాకా అది పైన చుట్టుకునే ఉండిపోయింది. అప్పుడు వచ్చింది పక్క క్వార్టరు పెద్దమ్మ. ఆమె అనుమతి లేకుండా మా వరసలోకి ఏదీ వచ్చేది కాదు, పోయేది కాదు కనుక కుర్రకారు ఆమెను సిగ్నలు పెద్దమ్మ అనేవారు. ఆమె నడుంమీద చెయ్యేసుకుని కిటికీకేసి చూసి మా ఆవిడతో అంది. "ఇదేటే పిల్లా, చాపచుట్ట ఏలాడదీసినట్టుంది. దొరల బంగళాల్లో దీనికి ఝాలరు కడతారు. ఓ జానెడు గుడ్డ అడ్డంగా, కింద కుచ్చులు. చుట్ట అవుపడదు. కిటికీకి బొట్టెట్టినట్టుంటాది." బొట్టు అనే మాట చెవిన పడగానే నేను చదువుతున్న పత్రిక మడిచాను. కానీ పెద్దమ్మ ముందు తీర్మానాలు పనిచెయ్యవు. "నువ్వు సదువుకో బాబూ, నీతో కాదు" అంది.

రెండురోజుల తరవాత మంచంమీద మూడు గుడ్డముక్కలు ప్రత్యక్షమయ్యాయి. పెద్దమ్మ గుడ్డల దుకాణంనుంచి మచ్చుకి తెప్పించిందట. ఒకటి ఖాకీ. ఒకటి నీలం, సన్నని తెల్ల చారలు. మూడోది ఎరుపు, కింది అంచు నెలవంకల్లా కత్తిరించి, పసుప్పచ్చ లేసు కుట్టి ఉంది. "ఇందులో ఏది బాగుంటాదో సూడండి" అంది మా ఆవిడ. నాకు ఎర్రది తప్ప మరొకటి కనిపించలేదు. ఎద్దుకు ఎర్రగుడ్డ చూపించినట్టే అయింది. "ఎరుపూ, పసుపూ. ఇది అమ్మవారి గుడి అలంకారం. ఈ ఎర్ర ఝాలరు ఇవాళ కిటికీ మీదికి వస్తే రేపు గుమ్మానికి నిమ్మకాయలు వస్తాయి" అన్నాను.

"అదేటండీ. ఏది బాగుంటాదని గదా అడిగాను."

"బాగుండడం ఒక వాదం కాదు. ఉపయోగం చెప్పు. తెర ఎండ ఆపుతుంది. తాడు తెరను దించుతుంది. ఝాలరు ఏం చేస్తుంది?"

"ఏటీ సెయ్యదు. బాగుంటాది."

"అదిగో, నీ వాదం అక్కడే పడిపోయింది."

"అచ్ఛా" అంది ఆమె. బిలాస్‌పూర్ వచ్చి ఆమె నేర్చుకున్న మొదటి హిందీ మాట అది. అందులో ఒప్పుకోలు లేదు, ప్రతిఘటనా లేదు. సభా నియమాల్లో దానికి సమాధానం కూడా ఎక్కడా లేదు. మూడు ముక్కలూ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. నేను మాత్రం ఊరుకోలేదు. భోజనం దగ్గరా, స్నానానికి వెళుతూ, ఆఫీసుకు బూట్లు వేసుకుంటూ, ఎర్ర ఝాలరును ఖండిస్తూనే ఉన్నాను. ఆమె పిన్నికొడుకు షెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు వేసే పని. వరసకు నన్ను బావా అనేవాడు. డ్యూటీ దిగి టీ తాగడానికి వచ్చినవాడు నా ఖండన అంతా విని, "బావా, ఆ గుడ్డ నిన్నేటన్నాది?" అని అడిగాడు.

ఇంతలో మా సభకు ఒక గొప్ప అవకాశం వచ్చింది. సంఘసంస్కరణలో తల నెరిసిన పెద్దాయన ఒకరు రాయపూరునుంచి మాకోసం వస్తానన్నారు. సభ మా క్వార్టర్లో. విషయం ఘోషా. ఆయన్ను ఆహ్వానించేటప్పుడు నేను ఉత్సాహం పట్టలేక, మా ఇంట్లో స్త్రీ తలుపు వెనక నిలబడదు, సభలో మగవాళ్లతో సమానంగా కుర్చీలో కూర్చుంటుందని కబురు పెట్టాను. ఆయన ఎంతో సంతోషించి, ఆ దృశ్యం చూడడానికే వస్తున్నానన్నారట. శనివారం సాయంత్రం ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. (ముందే చెప్పవలసింది. అయినా స్వాతంత్ర్యం ఇస్తుంటే ఎవరు వద్దంటారనుకున్నాను.)

"రేపు నువ్వు ముందు వరసలో కూర్చోవాలి."

"ఎందుకేటి?"

స్త్రీజాతి ఉద్ధరణ గురించి ఒక ఘడియసేపు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే వింది. "అదంతా సరేనండీ. నేను కూకుంటే సభకి ఏటి ఉపయోగం? నేను మాటాడొద్దు గదా."

"మాట్లాడనక్కర్లేదు. నువ్వుంటే సభ... నిండుగా ఉంటుంది. చూసేవాళ్లకు..."

"బాగుంటాది."

"అవును, బాగుంటుంది."

"బాగుండడం వాదం కాదన్నారు గదండీ మీరు" అని చేట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లి బతిమాలాను. పొద్దున్న కూడా బతిమాలాను. "నేను ఝాలరునా ఏటి, మీ సభకి ఏలాడదీడానికి" అంది, కోపంగా కాదు, దోసకాయ తరుగుతూ. పెద్దాయన ముందు అబద్ధాలకోరుగా నిలబడవలసిన గడియ దగ్గరపడుతోంది. ఆఖరికి మధ్యాహ్నం ఆమె కుర్చీ ఒకటి ఖాళీగా ముందు వరసలో వేశాను. ఆమె దాన్ని తప్పుకుని వంటింట్లోకి వెళ్లింది.

సాయంత్రం గది నిండింది. పెద్దాయన తెల్లని ఖద్దరు పంచె, తెల్లని ఉత్తరీయం, వాటికంటే తెల్లని గడ్డంతో కిటికీ కింద కుర్చీలో కూర్చున్నారు. రాగానే ఖాళీ కుర్చీకేసి చూసి, "అమ్మాయి ఏదీ?" అన్నారు. "వస్తోందండీ" అన్నాను. వంటింటి తలుపు వెనక గాజులు కదిలాయి గానీ మనిషి రాలేదు. పెద్దాయన ఘోషా మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. స్త్రీకీ వెలుగుకూ మధ్యనున్న తెరలన్నీ చించి పారెయ్యాలని ఆయన అంటూండగా, కార్తీకమాసపు ఏటవాలు ఎండ కిటికీలోంచి నేరుగా మా అందరి కళ్లలో కొట్టింది. ముందు వరసవాళ్లు చేతులు అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన అది గమనించి, "ఆ తెర కొంచెం దించవయ్యా" అన్నారు. నా హేతుబద్ధమైన వస్తువును పదిమందిలో ఉపయోగించే అవకాశం. ఒక్క ఉదుటున లేచి తాడు ముడి విప్పాను.

వానాకాలమంతా ఆ చుట్టమీద లోకో షెడ్డు ఏమేం ధారపోసిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. తెర గభాలున జారింది. నెలల తరబడి పేరుకున్న మసి అంతా పెద్దాయన నెత్తిమీదా, గడ్డంమీదా, ఖద్దరుమీదా దిగింది. మొదట మాట్లాడినవాడు మా ఫైర్‌మన్ బావమరిది. "అయ్యగారు డ్యూటీ దిగిన మా డ్రైవరు బాబులాగైపోనారు" అన్నాడు. పెద్దాయన కళ్లు మాత్రం తెల్లగా మెరుస్తుండగా, "తెరలు చించమన్నందుకు ఈ తెరకు కోపం వచ్చినట్టుంది" అన్నారు. అప్పుడు గానీ ఎవరూ నవ్వడానికి ధైర్యం చెయ్యలేదు.

అంతలో తలుపు తెరుచుకుంది. చెంబుతో నీళ్లూ, తడి తువ్వాలూ పట్టుకుని మా ఆవిడ అంతమంది మధ్యలోంచి నడిచి వచ్చింది. పెద్దాయన మొహం తుడుచుకుంటూ తలెత్తి తెరకేసి చూసి, "దీనికి పైన ఝాలరు కట్టుకోలేదేమమ్మా? రైలుపట్టాల పక్క ఇళ్లల్లో మసి చుట్టలోకి దిగకుండా కడతారు కదా" అన్నారు. గదిలో అందరూ నాకేసి చూశారు. సభా నియమాలు తెలిసినవాణ్ణి కనుక ఓటమిని వెంటనే విజయంగా మార్చాలనుకున్నాను. "ఝాలరుకు ఉపయోగం ఉన్నట్టు ఇప్పుడే రుజువైంది. కనుక ఈ కిటికీకి ఝాలరు కట్టాలని నేనే ప్రతిపాదిస్తున్నాను" అన్నాను.

"నాకొద్దు" అంది మా ఆవిడ.

"అదేమిటి, నువ్వేగా అడిగావు."

"మసికోసం అయితే గోనెపట్టా కట్టినా సరిపోద్ది. బాగుంటాదని అడిగాను నేను. మసి కాదు, అది ఒప్పుకోండి."

పెద్దాయన తువ్వాలు పక్కనపెట్టారు. "అమ్మా, ప్రతిపాదనకు సవరణ వచ్చింది. నిలబడి కాదు, కూర్చుని చెప్పు" అని ముందు వరస కుర్చీ చూపించారు. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. నేను నిన్నటినుంచి బతిమాలి సాధించలేని పని ఒక మసిబుట్ట సాధించింది. పెద్దమ్మ తలుపు వెనకనుంచి ట్రంకుపెట్టెలోని మూడు గుడ్డముక్కలూ అందించింది. పెద్దాయన వాటిని బల్లమీద పరిచి, "ఏమయ్యా, వాదం వద్దు. ఏది బాగుందో చెప్పు" అన్నారు.

ఆ గుడ్డల్ని నిజంగా చూడడం నాకు అదే మొదటిసారి. "ఖాకీ అయితే మసి కనబడదు" అనబోయి, సగంలో మింగాను. ఎర్రదాని అంచు చేత్తో పట్టుకున్నాను. సాయంత్రపు వెలుగులో ఆ లేసు... ఏం చెప్పను. "ఎరుపు బాగుంది" అన్నాను.

"ఎందుకేటి బావా?" అన్నాడు ఫైర్‌మన్.

"ఊరికే" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోట రావడం అదే మొదలు. సభ చప్పట్లు కొట్టింది. ఆమె కోరుకున్నది ఆమెకు ఇచ్చేశానన్న తృప్తితో మా ఆవిడకేసి చూశాను. ఆమె మాత్రం నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు నీలం ఇష్టం" అంది.

"నీలమా? మరి ఇన్నాళ్లూ ఎర్రది ఎర్రది అని..."

"మీరే అన్నారు. నేనెప్పుడన్నాను? అమ్మవారి గుడిలా ఉందన్నారు, నిమ్మకాయలొస్తాయన్నారు. నీకేది కావాలే అని ఒక్కమారు అడిగితే గదా సెప్పడానికి."

ఓట్లకు పెట్టవలసిన అవసరం రాలేదు. ముందుగది కిటికీకి నీలం ఝాలరు వచ్చింది. తెల్ల చారలు కాబట్టి నెలకోసారి ఉతకవలసి వచ్చేది, నేను దండెంమీద ఆరేసేవాణ్ణి. ఎర్రదాన్ని ఆమె వంటింటి కిటికీకి కుట్టింది. "మీరు ముచ్చటపడ్డారు గదా" అంది. నిమ్మకాయలు మాత్రం రాలేదు. ఆ తరవాత మా సభలో ఆడవాళ్లు తలుపు వెనక నిలబడడం మానేసి, గదిలోకే వచ్చి కూర్చునేవారు. అందులో నా ఉపన్యాసాల పాలెంతో, ఆ మసి పాలెంతో నేను నిర్ణయించలేను.

ఇన్నేళ్లలో క్వార్టర్లు మారాం, నీలం ఝాలరు వెలిసి దుమ్ముగుడ్డ అయింది, దాని తరవాత మరికొన్ని వచ్చాయి. ఇప్పటికీ కొత్త గుడ్డ ఎంచవలసి వస్తే ఆమె నా ముందు పరుస్తుంది. నేను ముందుగా నీకేది కావాలని అడుగుతాను, తరవాత నాకు నచ్చింది చూపిస్తాను. "ఎందుకేటి?" అంటుంది, అలవాటుగా. "ఊరికే" అంటాను. అప్పుడప్పుడు ఆ పాత గదీ, అందులో కళ్లజోడు సవరించుకుంటూ కిటికీ కింద నిలబడి ఎవరూ అడగని ఎర్ర ఝాలరును ఖండిస్తున్న బక్కపలచని కుర్రాడూ కళ్లముందు కనబడతారు. వాడి వాదాల్లో చాలావాటికి నేను ఈనాటికీ ఓటు వేస్తాను. అయినా, వాడు అటు తిరిగి ఉన్నప్పుడు, మెల్లగా వెళ్లి ఆ తెర తాడు ముడి ఒక్కసారి విప్పాలనిపిస్తుంది.