మూడు ద్వారాల ఊరి పుస్తకం

మా అమ్మ మంచిదని వీధి వీధంతా అంటుంది. నిజమే. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

రంగూన్‌లో మాది మింగళ తౌంగ్‌న్యున్ పేటలో తెలుగువాళ్ల వీధి. నాన్నకి లమ్మడాలో గోనెసంచుల కొట్టు. మా వీధి చివర కాన్వెంటులో ఇటలీ నుంచి వచ్చిన ముసలి సిస్టరమ్మ ఉండేది. విదేశీ మతగురువుల్ని దేశం నుంచి పంపేసినప్పుడు, స్వాతంత్ర్యానికి ముందే వచ్చిన మనిషని ఆమెను ఉండనిచ్చారు. ఒకసారి దేశం గడప దాటితే మాత్రం మళ్లీ రానివ్వరు. అందుకని ఆమె సొంత ఊరి ముఖం చూడలేదు. నేను ఇంగ్లీషు నేర్చుకోడానికి వెళ్లేదాన్ని. ఆమెకు చూపు మందగించింది. తన ఊరి కథ తాను చెబుతుంటే నన్ను రాయమంది.

కొండమీద చిన్న ఊరట. చుట్టూ గోడ, మూడు ద్వారాలు, ఒక ఆలివ్ గానుగ. యుద్ధంలో ఫిరంగుల కోసం చర్చి గంటను పట్టుకుపోయి కరిగిస్తే, ఆడవాళ్లు వంటింటి రాగి గిన్నెలిచ్చి కొత్త గంట పోయించారట. ఆమె చిన్నప్పుడు కొండచరియ విరిగిపడి చర్చీ, అందులోని చావుపుట్టుకల పుస్తకాలూ లోయలోకి పోయాయి. పాత సంగతులు తెలిసినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. "ఇక మా ఊరంతా నా బుర్రలోనే ఉంది, పిల్లా" అనేది.

రెండేళ్లు రాశాను. అట్టమీద వాళ్ల ఊరి సెయింటు బొమ్మ అంటించింది. చేతిలో చిన్న బురుజు పట్టుకున్న ఆడమనిషి. పోయే ముందు ఆ పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "పోస్టులో వెయ్యకు, విప్పి చూసి పారేస్తారు. మనిషి చేతికే ఇవ్వు. మా ఊరు చేరాలి." చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను.

ఆ ఏడు వానల్లోనే జనం సర్కారు మీద తిరగబడి రంగూన్ భగ్గుమంది. కాలేజీలు మూసేశారు. రోడ్లమీద కాల్పులు. సైన్యం వచ్చాక ఇల్లిల్లూ సోదా చేశారు. చేతిరాత కాగితం కంటపడితే ఇంట్లో కుర్రకారును పట్టుకుపోయేవాళ్లు. నేను పుస్తకాన్ని బియ్యం డబ్బా అడుగున దాచాను. "ఇంగ్లీసు కాయితం ముక్కన్నది ఇంట్లో ఉండకూడదు, పొయ్యిలో ఎట్టు" అని నాన్న అమ్మకు చెప్పి కొట్టుకు వెళ్లాడు. అప్పుడు నేను రేషను వరసలో నిలబడి ఉన్నాను.

వచ్చేసరికి అమ్మ తలారబెట్టుకుంటోంది.

"డబ్బాలో పుస్తకమేదమ్మా?"

"దాని మీద అమ్మోరి బొమ్మున్నాది కదే. అమ్మోరిని నిప్పులో ఎట్టమంటావేటి? పసుపు గుడ్డలో సుట్టి, బొట్టెట్టి, జెట్టీ కాడ నీల్లలో ఇడిచీసినాను. మరేటి సెయ్యాల?"

మావాళ్లు దేవుడి పటం పాతదైతే చెత్తలో వెయ్యరు, కాల్చరు. పారే నీళ్లలో వదులుతారు. కాల్చి ఉంటే నోరారా తిట్టేదాన్ని. తుపాకుల మధ్య నడిచివెళ్లి దండం పెట్టి వదిలొచ్చిన మనిషిని ఏమని తిట్టను? ఆ పుస్తకమేమిటో ముందే ఒక్క ముక్క చెప్పాల్సింది. చదువురానిదానికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. నా పొగరు తగలెయ్య! వారం రోజులు అన్నం సహించలేదు. అమ్మేమో నాకు దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోసింది.

తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరం రాదు, పోదు. కాలేజీ లేదు. జ్ఞాపకమున్నది మళ్లీ రాద్దామని కూచున్నాను. ద్వారాల్లో రెండింటి పేర్లే గుర్తొచ్చాయి. గంట కథ వచ్చింది. సెయింటును భుజాలమీద ఊరేగించడం వచ్చింది. మోసేవాళ్ల కాళ్లమీద ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి బిందెలతో నీళ్లు పోస్తారని రాశాను. రాశాక అనుమానం పట్టుకుంది. మా వీధిలో అమ్మవారి ఘటం వచ్చినప్పుడూ అంతే కదా? అది సిస్టరమ్మ చెప్పిందో, నేను చిన్నప్పుడు చూసిందో ఎంత గింజుకున్నా తేలలేదు. చెరిపెయ్యడానికి మనసొప్పలేదు, అలాగే ఉంచాను. ఆ గొడవలైన ఏడాది నుంచి మా ఊరేగింపుకీ పర్మిషన్ ఇవ్వలేదు. ఘటం మోసేవాళ్లు కొందరు ఇండియా పోయారు, కొందరు ఊరి బయట లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీల్లో చేరారు.

దేశం తలుపులు కాస్త తెరుచుకున్నాక, సిస్టరమ్మ తమ్ముడి మనవరాలు కాన్వెంటులో అడిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సిస్టరమ్మ ఆఖరి ఉత్తరంలో పుస్తకం సంగతి ఉందట. నేను రెండోసారి రాసింది తెచ్చి ఇచ్చాను. రెండోసారి రాసిందని చెప్పలేదు. మా వంటింట్లోనే కూచుని చదివింది. నీళ్లు పోసే చోట ఆగిపోయింది.

"ఇది మా ఊళ్లో ఎవరికీ తెలీదు" అంది, కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే పండగ నుంచి మళ్లీ మొదలుపెడతాం."

చెప్పెయ్యాలని నోరు తెరిచాను. ఆమె పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని ఉంది. "టీ తాగి వెళ్లమ్మా" అన్నాను.

మా వీధిలో బిందె పట్టుకు నిలబడే ఆడది ఇప్పుడు ఒక్కతీ లేదు. నేను రెండోసారి రాసిన పుస్తకం వాళ్ల ఊరు చేరింది. నేను ఒట్టు పెట్టింది మాత్రం ఆ పుస్తకానికి కాదు.